వారధికి తగిన వైరు

మస్తాన్‌వలికి చెవులు పోయి ఆరేళ్లయినా, చీరాల చుట్టుపక్కల ఏ ఫంక్షన్లో స్పీకర్లు గుర్‌మన్నా కబురు అతనికే వచ్చేది. వెళ్లేవాడు. చెప్పులు విడిచి, బాక్సు ముందు గొంతుక్కూర్చుని, స్పీకరు అట్ట మీద రెండు వేళ్లు ఆనించేవాడు. వణుకు వేళ్లకి తగిలేది. అక్కణ్ణించి వైరు పట్టుకుని ఒంగొంగి నడుచుకుంటూ పోయి, ఏ కుర్చీల వరస కిందో ఆగి, "ఇదిగో, ఇక్కడుంది జబ్బు" అనేవాడు. రెండు చెవులూ ఉన్న కుర్రకారు నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు.

ఆ చెవుల్ని తినేసింది కూడా ఆ మైకులే. ముప్ఫై అయిదేళ్లు హారన్ల కింద నిలబడి పెళ్లిళ్లు, ఉరుసులు, క్రిస్మస్‌లు, వినాయక చవితులు ఒక్కటీ వదలకుండా మోగించినవాడికి ఇంకేం మిగులుతుంది? ఊరంతటికీ వినిపించాడు, తనకి లేకుండా చేసుకున్నాడు. దాని గురించి అతనెప్పుడూ ఎవరి దగ్గరా ఏడవలేదు.

భార్య నాగూర్‌బీ చెవులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. నోరు అంతకంటే నిక్షేపం. మొగుడికి వినపడదని తెలిసీ రోజంతా అతనితో మాట్లాడేది, తిట్టాలనిపిస్తే మొహం మీదే నవ్వుతూ తిట్టేది. అతనికి అర్థం కావాల్సిన సంగతైతే మైకుసెట్టు వాళ్ల సైగలు వాడేది. పందిట్లో ఈ చివర మైకు దగ్గరున్నవాడికీ ఆ చివర యాంప్లిఫైయరు దగ్గరున్నవాడికీ మధ్య నడిచే సైగలవి. బొటనవేలు పైకి చూపిస్తే సౌండు పెంచమని, అరచెయ్యి కిందికి ఆడిస్తే తగ్గించమని, రెండు వేళ్లు మెలేస్తే కనెక్షను చూడమని. ఆ ఇంట్లో బొటనవేలు పైకి లేస్తే కూరలో ఉప్పు చాల్లేదని, వేళ్లు మెలేస్తే గ్యాసు కట్టేశావా అని. ఆరేళ్లుగా కాపురం ఆ భాషలోనే నడుస్తోంది.

బాపట్ల ఊరి చివర ఉన్న వినికిడి పరిశోధన కేంద్రంలో టెక్నీషియన్ ఏసుపాదం. నలభై ఏళ్ల మనిషి, ఒకప్పుడు మస్తాన్‌వలి దగ్గరే సాల్డరింగు నేర్చుకున్నాడు. ఓ ఆదివారం చర్చి నుంచి తిన్నగా వీళ్లింటికొచ్చి కాగితం మీద రాసి చూపించాడు. "బాబాయ్, మా వకుళ డాక్టరమ్మ ఒక మెషిను కట్టింది. వినపడేవాళ్ల వినికిడిని వినపడనివాళ్లకి గంటసేపు అరువిస్తుంది. ఆ గంటా ఇచ్చినవాళ్లకి వినపడదు. కేబుల్ తీసెయ్యగానే ఎవరిది వాళ్లకి వచ్చేస్తుంది. ఏళ్ల తరబడి ఒకే ఇంటి చప్పుళ్లు విన్న ఇద్దరికైతేనే నరాల శ్రుతి కలుస్తుందంట. భార్యాభర్తలు కావాలి."

మస్తాన్‌వలి ఇంకా రెండో వాక్యం దగ్గరుండగానే నాగూర్‌బీ అతని భుజం మీంచి మొత్తం చదివేసింది.

"ఎప్పుడు రావాల?" అంది ఏసుపాదంతో.

*

ఆ మెషిన్ని అక్కడ వారధి అంటారు. బట్టల బీరువాలు రెండు దూరదూరంగా నిలబెట్టినట్టుంటుంది. ఒక్కో దాని పక్కనా ఒక్కో కుర్చీ. ఇద్దరి చెవుల వెనకా చల్లటి పట్టీలు అంటించారు. బీరువాల మధ్య ఆరడుగుల కేబుల్ ఒకటే.

డాక్టర్ వకుళ సన్నగా, ముక్కు మీదికి జారే కళ్లద్దాలతో, అడిగినదానికల్లా ఓపిగ్గా జవాబు చెప్పే మనిషి. ఇంత మెషిను కట్టినవాళ్లు వైరు లేకుండా గాల్లో పంపలేరా అని నాగూర్‌బీ అడిగితే నవ్వింది.

"చెవి నరంలో పుట్టే కరెంటు ఎంతో తెలుసా అమ్మా? చీమ మోసుకుపోయే పంచదార పలుకంత. గాల్లో వదిలితే దారిలోనే పోతుంది. దానికి రాగి తీగే గతి. ఆయన నరం చచ్చిపోలేదు, శ్రుతి మర్చిపోయింది, అంతే. మీ నరం దానికి గుర్తు చేస్తుంది."

స్విచ్చి వేశారు. మస్తాన్‌వలి మొహంలో రంగు మారింది. కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత ఆ కళ్లలోంచి నీళ్లు జలజలా రాలాయి.

"ఏం వినపడుతోంది?" అంది వకుళ ఆత్రంగా, తన చెవి చూపించి సైగ చేస్తూ.

"హమ్మింగు," అన్నాడు మస్తాన్‌వలి. "గుర్‌ర్ అని. మన హమ్మింగే తల్లీ. ఎర్తు సరిగ్గా లేనప్పుడు వచ్చేదే."

వకుళ మొహం వాడిపోయింది. ఏడాదిగా ఆమెను వేధిస్తున్నది ఆ గుర్రే. ఇంతకు ముందు వచ్చిన మూడు జంటలూ అది భరించలేక పట్టీలు పీకేసి వెళ్లిపోయారు. కానీ ఈయన మాత్రం పోయిన బంధువెవరో వీధి గుమ్మంలో కనిపించినట్టు మురిసిపోతున్నాడు. ఆరేళ్ల తర్వాత వినపడ్డ మొదటి చప్పుడు అది. ఎంత రోత చప్పుడైతేనేం? దాని వెనకెక్కడో, గోడ అవతల నుంచి వచ్చినట్టు, నాగూర్‌బీ దగ్గు వినపడింది. ఆ దగ్గు కోసం మెషినుకి దణ్ణం పెట్టాడు, డాక్టరుకి పెట్టాడు, మొహమాటపడిపోతున్న ఏసుపాదానికీ పెట్టాడు.

గంట తర్వాత కేబుల్ తీసేశారు. ఒక్క ఊపిరి తీసేంతలో నాగూర్‌బీకి వినికిడి తిరిగొచ్చింది. మస్తాన్‌వలి లోకం మళ్లీ మూతబడింది. లేచి చొక్కా సర్దుకుంటూ, ఆ కేబుల్ని చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"డాక్టరుగారూ, ఇది ఎవరు కొన్నారు?"

*

మర్నాటి నుంచి వైర్ల పెత్తనం అతనిదైంది. వకుళ ఇన్నాళ్లూ కొన్న కేబుళ్లన్నీ బల్ల మీద పరిపించింది. వేలెడు లావున్న నెట్ కేబుళ్లు, టీవీలకి పెట్టే హెచ్‌డీఎంఐలు, బంగారు పూత పిన్నుల ఆడియో కేబుళ్లు. మస్తాన్‌వలి తన ఇనప్పెట్టె తెచ్చుకున్నాడు.

మొదట బ్లేడు తీశాడు. ఖరీదైన దాన్నే పట్టుకుని, తోలు ఒలిచి, లోపలి తీగని బ్లేడుతో గీరాడు. ఎర్రటి పొర లేచిపోయి కింద తెల్లగా మెరిసింది.

"అల్యూమినియం. పైన రాగి పూత. పెళ్లికూతురికి గిల్టు నగలు పెట్టినట్టు," అని పక్కన పడేశాడు. హెచ్‌డీఎంఐ చూసి, "ఇది బొమ్మల వైరు. అంకెలు మొయ్యటానికి చేసింది. మన సరుకు అంకెలు కాదు, అల. అదీ సన్నటి అల. దీన్నొదిలెయ్," అన్నాడు. నెట్ కేబుల్ చీల్చి, లోపల రెండేసి చొప్పున మెలేసుకున్న నాలుగు జంటల్ని వేలితో విప్పి చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. "ఈ మెలి మంచిది. బయటి గోల ఒకదానికెంత తగిల్తే రెండోదానికీ అంతే తగులుద్ది. చివర్న ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయ్."

రెండోసారి మంచి రాగి వేసి చూశారు. గుర్రు సగానికి తగ్గింది. మూడోసారి కరెంటు వైర్లకి ఆనకుండా కేబుల్ని పక్కకి లాగి, ఫ్యాను ఆపించాడు. ఇంకొంచెం తగ్గింది. ఆ రోజు గుర్రు వెనక నుంచి ఏసుపాదం పాడిన పాట పల్లవి పోల్చుకున్నాడు. పాటకంటే ఎక్కువగా నాగూర్‌బీ నవ్విన నవ్వుని పోల్చుకున్నాడు. ఆ నవ్వు ఇన్నేళ్లలో కాస్త బొంగురుపోయింది. అదీ బాగానే ఉంది.

ఇంటికొచ్చాక నాగూర్‌బీ రెండు చేతులూ చాచి ఎంత వినపడిందని సైగ చేసింది. జానెడు చూపించాడు. ఆమె బారెడు చూపించి, కావాలి అన్నట్టు తలూపింది.

ఇహ నాలుగోసారి. ఆ రోజే జరిగింది జరగరానిది.

వకుళ పక్క గదిలో కాగితాలు రాసుకుంటోంది. ఏసుపాదం పట్టీల జిగురు తేవటానికి వెళ్లాడు. మస్తాన్‌వలి కేబుల్ చివర పట్టుకుని చూశాడు. లోపలి తీగల చుట్టూ సన్నటి రాగి జాలీ అల్లి ఉంది. షీల్డు అంటారు దాన్ని. అది ఈ బీరువాకీ ఆ బీరువాకీ, రెండు పక్కలా సాల్డరు చేసి ఉంది. అతనికి ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఇంత చదువుకున్నవాళ్లు ఇంత చిన్న పని మర్చిపోయారేంటి? షీల్డు రెండు చివర్లా కలిస్తే గుండ్రంగా దారి ఏర్పడుతుంది. గుర్రు ఆ దారిలో గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. ఏ మైకుసెట్టువాడైనా మొదటి నెల్లో నేర్చుకునేది ఒక్కటే, జాలీ ఒక పక్కే కలపాలి, రెండో పక్క కోసెయ్యాలి. అతను బ్లేడు తీసి, నాగూర్‌బీ వైపున్న చివర జాలీని చుట్టూ కోసి, పైన నల్ల టేపు చుట్టాడు. అర నిమిషం పని. ముప్ఫై అయిదేళ్లలో ఏ వెయ్యి కేబుళ్లకో చేసిన పని. ఎవరినీ అడగాలని కూడా తోచలేదు. చెప్పాలనీ తోచలేదు.

స్విచ్చి వేశారు. గుర్రు లేదు.

ఏమీ లేదు, చప్పుళ్లు తప్ప. గోడ గడియారం. వకుళ గాజులు. కిటికీ బయట ఎవరో బట్టలుతుకుతున్నారు. మస్తాన్‌వలి గుక్కపెట్టి ఏడ్చాడు. తన ఏడుపు తనకి వినపడి ఇంకా ఏడ్చాడు. వకుళ కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకుని మళ్లీ తీసింది. ఏసుపాదం బల్ల మీద కూలబడి, "బాబాయ్, ఏం చేశావ్ బాబాయ్," అంటున్నాడు సంతోషంతో. గంట ఎలా గడిచిందో ఎవరికీ తెలియలేదు.

కేబుల్ తీశారు. పిన్ను ఊడిన 'టక్' మన్న చప్పుడు మస్తాన్‌వలికి స్పష్టంగా వినపడింది.

అతను నవ్వుతూనే భార్య వైపు తిరిగాడు. ఆమె అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"అయిపోయిందా?" అంది. గది దద్దరిల్లేంత గట్టిగా అంది.

*

"జాలీ కంచె కాదండీ," అంది వకుళ. "తిరుగు దారి. ఆవిడ వినికిడి మీ దగ్గరికి లోపలి తీగల్లో వస్తుంది, వెనక్కి జాలీలోంచి పోతుంది. రెండు చివర్లా కలిపింది అందుకే. గుర్రుకి కారణం అదేనని నాకూ తెలుసు. దాన్ని తీసే దారి తెలీక ఊరుకున్నా. మీతో చెప్పి ఉండాల్సింది."

"అడక్కుండా కోశాను," అన్నాడు మస్తాన్‌వలి. తన గొంతు తనకే పరాయివాడి గొంతులా ఉంది. "ఇప్పుడు కలుపు తల్లీ. ఇప్పుడే కలుపు."

అది అంత తేలిక కాదని తేలింది. దారి తెగిన చోట నాగూర్‌బీ నరం బెదిరింది. అది కుదుటపడటానికి వారమైనా పట్టాలి. పది రోజులు దాటితే వచ్చిన శ్రుతి మస్తాన్‌వలి నరంలో పాతుకుపోతుంది, ఇక కదలదు. ఈ మధ్యలో ఒక్కసారే వెనక్కి పంపటానికి వీలుంటుంది. ఆ ఒక్కసారీ దారిలో కేబుల్ మొరాయించిందా, పోయింది ఇద్దరికీ పోతుంది. తొమ్మిదో రోజుకి రమ్మంది వకుళ. ఇదంతా ఒక తెల్లకాగితం మీద రాసి నాగూర్‌బీ చేతికిచ్చింది. ఆమె రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.

కేబుల్ కొత్తది కావాలి. "అది మీరే కట్టండి," అంది వకుళ మస్తాన్‌వలితో.

ఆమె ఆ మాట అన్నందుకు అతను బతికున్నన్నాళ్లూ మర్చిపోలేదు. తప్పు చేసిన చేతుల్లోనే మళ్లీ పని పెట్టింది.

*

ఆ తొమ్మిది రోజులూ చీరాలలో ఆ ఇల్లు తలకిందులైంది.

పక్కింటివాళ్ల మగ్గం చప్పుడుకి మస్తాన్‌వలికి మెలకువ వచ్చేది. టకటకమని పొద్దున్నే మొదలయ్యేది. నాగూర్‌బీ ఆరేళ్లుగా ఆ చప్పుడుతోనే లేచేది, ఇప్పుడు లేవలేక పడుకునే ఉండేది. అతనే లేచి టీ పెట్టేవాడు. పాలు పొంగే ముందు సుయ్‌మనే చప్పుడుంటుందని మర్చేపోయాడు. అది విని మనసు నిండిపోయేది. వెంటనే అది ఎవరి చెవుల్లోంచి వచ్చిందో గుర్తొచ్చి, పొయ్యి దగ్గరే నిలబడిపోయేవాడు.

నాగూర్‌బీ నోరు మాత్రం మారలేదు. తన గొంతు తనకి తెలియక వీధంతా వినపడేలా మాట్లాడేది. ఆరేళ్ల అలవాటు, మొగుడికి వినపడదనే ధీమా ఇంకా వదల్లేదు. గిన్నెలు తోముతూ, "ఈయన చేతికి బ్లేడిచ్చినోణ్ణి అనాల. పెళ్లిలో వైరనుకున్నాడు, పెళ్లాం చెవనుకోలేదు," అనేది. వెనకాల మస్తాన్‌వలి ఫక్కున నవ్వేవాడు. ఆమె వెనక్కి తిరిగి, నవ్వుతున్న మొహం చూసి, "విన్నావూ?" అనేది. తలూపేవాడు. ఆమె నాలిక కరుచుకునేది. తర్వాత ఇంకో రెండు తిట్లు, ఈసారి కావాలని.

ఒక మధ్యాహ్నం కూరగాయలకి వెళ్తుంటే వెనక నుంచి ఆటో హారను కొట్టుకుంటూ వచ్చింది. ఆమె రోడ్డు మధ్యనే నడుస్తోంది. అతను చెయ్యి పట్టి లాగేశాడు. సంచిలో వంకాయలన్నీ రోడ్డు పాలయ్యాయి. వంకాయలు ఏరుతూ ఆమె మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకుంది. ఆ రోజు సాయంత్రం నుంచి కేబుల్ పని తప్ప అతనికి వేరే ధ్యాస లేదు.

పెట్టెలో ఉన్నవన్నీ పక్కన పెట్టేశాడు. చీరాలలో ఉన్న కేబుల్ కొట్లన్నీ తిరిగాడు, గుంటూరు వెళ్లి అక్కడివీ తిరిగాడు. కొట్టువాళ్లు బ్రాండు చెప్పబోతే వద్దని, బ్లేడుతో గీరి చూసేవాడు. ఒక కొట్లో నెట్ కేబుల్ దొరికింది, లోపల అణుమాత్రం కల్తీ లేని రాగి, మెలి బిగువుగా ఉంది. దాన్ని చీల్చి జంటలు బయటికి తీశాడు. వెళ్లే దారికి ఒక జంట వాడి, తిరుగు దారికి జాలీ మీద ఆధారపడకుండా మెలేసిన ఇంకో జంట వాడాడు. అప్పుడు గుండ్రంగా తిరిగే దారీ ఉండదు, గుర్రూ ఉండదు, దారీ తెగదు. ఇదే ముందు తోచి ఉంటే. తోచలేదు. మైకుసెట్టులో జాలీ కొయ్యటమే తేలిక, ఇంత పని ఎవడు చేస్తాడు?

ఇంకొక్క భయం మిగిలింది. కేబుల్ ఒక్కటే అయితే, అది మొరాయిస్తే రెండు చెవులూ పోతాయి. అందుకని రెండుగా కట్టాడు. ఎడమ చెవికి ఒక లైను, తెల్ల పిన్నుతో. కుడి చెవికి ఇంకో లైను, ఎర్ర పిన్నుతో. పాట బాక్సులకి కలిపేటప్పుడు ఎడమకి తెలుపు, కుడికి ఎరుపు పెట్టినట్టే. ఒకటి పోయినా ఇంకొకటి దక్కుతుంది. ఆ ఒక్క కూర్చోటంలోనే ఒక దాని తర్వాత ఒకటి పంపుకోవచ్చు. సాల్డరు అతుకులు ఒక్కోటీ మూడుసార్లు వేశాడు. నాగూర్‌బీ ఎదురుగా కూర్చుని, అడక్కుండానే సీసం తీగ అందిస్తూ, ఏ పిన్ను ఏ చెవిదో వేలితో చూపించి అడిగింది. తన చెవులు ముట్టుకుని చెప్పాడు. ఆమె ఇంకేం అడగలేదు.

కాగితం మీద అతను రాసి ఇచ్చాడు. "భయపడకు. రెండూ నీకు తెచ్చి ఇస్తాను."

ఆమె చదివి, దాన్ని కూడా జాకెట్లో దోపుకుంది.

*

తొమ్మిదో రోజు పొద్దున వారధి ముందు మళ్లీ రెండు కుర్చీలు. వకుళ కొత్త కేబుల్ అంగుళం అంగుళం మీటరుతో పరీక్షించింది. ఎక్కడా లోపం లేదు. "ఇంత మంచి పని మా దగ్గర ఎవరూ చెయ్యలేరు," అంది. మస్తాన్‌వలికి వినపడింది. ఆ మాట వినగలిగినందుకు మనసులో దణ్ణం పెట్టుకున్నాడు. ఇంకో పది నిమిషాల్లో ఇలాంటివి వినపడవని తెలుసు. అందుకే ఆ గదిలోని చప్పుళ్లన్నీ ఒకసారి చెవులారా వినేశాడు. గడియారం, ఏసుపాదం ముక్కు చీదటం, నాగూర్‌బీ ఊపిరి. చాలు అనుకున్నాడు. నిజంగానే చాలనిపించింది.

"ముందు తెల్లది," అన్నాడు.

తెల్ల పిన్ను పెట్టారు. మస్తాన్‌వలి ఎడమవైపు లోకం నెమ్మదిగా ఆరిపోయింది. నాగూర్‌బీ ఉలిక్కిపడి ఎడమ చెవి మీద చెయ్యి వేసుకుంది.

"పిన్నీ, వినపడుతోందా?" అన్నాడు ఏసుపాదం.

"అరవమాకు," అంది ఆమె, మామూలు గొంతుతో. తొమ్మిది రోజుల తర్వాత మామూలు గొంతు. వకుళ ఊపిరి వదిలింది.

ఏసుపాదం తెల్ల పిన్ను తీశాడు. వినికిడి ఆమె దగ్గరే నిలిచింది. తర్వాత ఎర్ర పిన్ను తీసుకుని ఆమె వైపు బీరువాలో పెట్టాడు. వకుళ స్విచ్చి మీద చెయ్యి వేసింది. అప్పుడు నాగూర్‌బీ చెయ్యి చాపి, ఆ ఎర్ర పిన్నుని పీకేసింది. పీకి, ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసుకుని కూర్చుంది.

వకుళ స్విచ్చి వదిలేసింది.

"ఊడొచ్చిందా?" అన్నాడు మస్తాన్‌వలి. ఆమె పొరపాటున చేసిందనుకున్నాడు.

"నేనే తీశా. ఇది నీ దగ్గరుండనీ."

"పిచ్చా నీకు? ఇయ్యాల్టితో అయిపోద్ది. రేపు కావాలన్నా రాదు."

"తెలుసు. డాక్టరమ్మ రాసిచ్చిందిగా. చదువుకోలా?"

"అది నీది. నాకెందుకే? నేను ఆరేళ్లు అలవాటు పడ్డా. నువ్వు మొన్న ఆటో కింద పడబోయావు."

"ఒక చెవుంటే ఆటో వినపడుద్ది."

వకుళ దగ్గరికొచ్చి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "అమ్మా, ఇది మీ వినికిడి. ఆయన మొహం చూసో, మా మొహాలు చూసో నిర్ణయించుకోకండి. కావాలంటే మేమందరం బయటికి వెళ్తాం. ఒక్కరే కూర్చుని ఆలోచించుకోండి."

"తొమ్మిది రోజులు ఆలోచించా," అంది నాగూర్‌బీ. మొగుడి వైపు తిరిగింది. "ఆరేళ్లు నాకు రెండు చెవులూ ఉన్నయ్. ఏం విన్నా? కుక్కరు విన్నా. పక్కింటి మగ్గం విన్నా. పొద్దస్తమానం వాగి వాగి నా గొంతు నేనే విన్నా. గోడలకి చెప్పుకున్నా మస్తానూ. ఈ తొమ్మిది రోజులూ నాకేం వినపళ్లా. అయినా నేను ఒక్క మాటంటే నువ్వు ఇటు తిరిగావు. తిడితే నవ్వావు. నేను మాట్లాడితే వినేవాడు లేని కాడ నాకు రెండు చెవులు దేనికి? ఒకటి చాలు. రెండోది నీ దగ్గరుంటేనే దానికి పని."

మస్తాన్‌వలి ఆమె కోసం రెండుగా కట్టిన కేబుల్ వైపు చూశాడు. ఒకటి పోతే ఒకటి దక్కాలని కట్టాడు. ఆమె దాన్ని ఇద్దరికీ చెరొకటిగా చూసింది. ఆమె మొహం చూసి, ఇహ వాదించటం ఆమె ఇచ్చినదాన్ని నేలకేసి కొట్టటమేనని అతనికి అర్థమైంది. రెండు చేతులూ చాచాడు. ఆమె ఎర్ర పిన్నుని ఆ చేతుల్లో పెట్టింది.

వకుళ లేచి వెళ్లి మెషిను ఆపేసింది. ఏసుపాదం ఇద్దరి చెవుల వెనకా పట్టీలు మెల్లగా ఊడదీశాడు.

*

బాపట్ల స్టాండులో చీరాల బస్సెక్కారు. ముందు ఎడమ పక్కనున్న ఆడవాళ్ల సీట్లో నాగూర్‌బీ మొగుణ్ణి కిటికీ వైపు తోసి, తాను అతని కుడి పక్కన కూర్చుంది. అతనికి వినపడే చెవి కుడిది. ఆమెకి వినపడేది ఎడమది. రెండూ ఇప్పుడు ఎదురెదురుగా ఉన్నాయి.

కండక్టరు వచ్చాడు. "పెద్దాయనా, ఇయ్యి ఆడోళ్ల సీట్లు. ఎనక ఖాళీ ఉంది, లెగు."

"ఆయన ఈ పక్కనే కూర్చోవాల," అంది నాగూర్‌బీ.

"ఏం, కుడి పక్క సీట్లయితే కూర్చోడా?"

"అక్కడైనా నాకు ఎడమ పక్కనే కూర్చోవాల. ఎక్కినోళ్లెవరైనా ఆడోళ్లడిగితే అప్పుడు లేస్తాంలే."

కండక్టరు ఆమెనీ ఆయన్నీ మార్చి మార్చి చూసి, వీళ్లతో నాకెందుకన్నట్టు టిక్కెట్లు చింపి ఇచ్చి వెళ్లిపోయాడు. బస్సు కదిలింది. మస్తాన్‌వలికి కుడివైపు నుంచి బస్సు రొద, ఎవరిదో ఫోను, వెనక సీట్లో వేరుశనక్కాయలు వొలుస్తున్న చప్పుడు. ఎడమవైపు ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాన్ని అతను చెయ్యిపెట్టి తడుముకున్నాడు. ఎడమ చెవి వినికిడి ఉన్న మనిషి పక్కనే కూర్చుని పమిట సర్దుకుంటోంది.

పెళ్లయిన ముప్ఫై ఒక్క ఏళ్లలో అతను ఊళ్లోవాళ్లందరి మాటలూ మైకులో పెట్టి వినిపించాడు. భార్యకి చెప్పాల్సిన మాట ఒకటి ఎప్పుడూ చెప్పలేదు. ఆమె ఎడమ చెవి వైపు ఒంగి, వినపడని ఆమెతో అరిచి మాట్లాడిన తొమ్మిది రోజుల అలవాటు కొద్దీ బస్సంతా తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు.

"నువ్వు చల్లగా ఉండాల నాగూరూ."

నాగూర్‌బీ కళ్లు తుడుచుకుంది.

"మెల్లగా చెప్పు," అంది. "వినపడతంది."